మూడు మాటల మెనూ

ఒడెట్ సురెట్ మా ఆఫీసుకు వచ్చిన రోజున హాలిఫాక్స్‌లో తెల్లవారినప్పటి నుంచీ ముసురు పట్టి ఉంది. ఆమె చేతిలో గొడుగు లేదు. రెయిన్‌కోటు అంచుల నుంచి నీళ్లు కారుతుండగా తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి, నన్ను అడక్కుండానే నా కంప్యూటర్‌కు తగిలించింది.

"లాక్లిన్ మెకైజాక్ మీరేనా?"

"నేనే."

"డ్రైవ్ తీసే మెనూ రాసింది మీరేనని కింద చెప్పారు."

"అవును, నేనే," అన్నాను కాస్త గర్వంగానే. నాలుగేళ్లలో ఆ మెనూ గురించి నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి ఆమె.

"అయితే దీన్ని తీయండి."

మౌస్ కుడి బటన్ నొక్కాను. మెనూ తెరుచుకుంది. అడుగున వరసగా మూడు మాటలు: అన్‌మౌంట్, ఎజెక్ట్, సేఫ్‌లీ రిమూవ్ డ్రైవ్.

నా వేలు ఆగింది. ఆగినట్టు ఆమె చూసింది.

"ఏంటి ఆలోచిస్తున్నారు?"

"అంటే, మీరు దేనికోసం తీస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది."

"ఇంటికి వెళ్లడం కోసం."

నాకు ఒళ్లు మండింది. ఆ మూడు మాటలకీ మూడు వేరే అర్థాలున్నాయి. వాటిని అలా విడదీయడానికి నేనొక చలికాలమంతా కూర్చున్నాను. అదే ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. డిస్కు లోపల గదుల్లాంటి భాగాలు ఉండవచ్చు. అన్‌మౌంట్ అంటే ఒక్క గదికే తాళం. ఎజెక్ట్ అంటే సీడీని బయటికి తోసేది. సేఫ్‌లీ రిమూవ్ అన్ని గదులకూ తాళం వేసి, కరెంటు కూడా ఆపేస్తుంది. చెబుతూ చెబుతూ కాగితం మీద బొమ్మ కూడా గీశాను.

ఆమె అంతా విని, గోడ గడియారం చూసింది.

"ఏడు నిమిషాలు. నేను రేవు అవతలి వుడ్‌సైడ్ లైబ్రరీలో కంప్యూటర్ల దగ్గర పనిచేస్తాను. రోజుకు అరవై మంది వస్తారు. అరవై మందికీ మీరొచ్చి ఈ బొమ్మ గీస్తారా?"

"చాలామందికి దాని అవసరమే రాదు."

"అందరికీ వస్తోంది. 'సేఫ్‌లీ' అన్న మాట చూసి, మంచిది కాబోలని అందరూ అదే నొక్కుతున్నారు. కెమెరా కార్డు పెట్టినవాళ్లు కూడా. నొక్కగానే కార్డు రీడర్‌కి కరెంటు పోతుంది. నేను బల్ల కిందకి దూరి, వైరు పీకి మళ్లీ పెడితేగానీ అది లేవదు. నిన్న ఒక్క రోజులో పదకొండుసార్లు దూరాను." తడి జుట్టు పక్కకు తీసి నుదురు చూపించింది. బొప్పి కట్టి ఉంది. "ఇది మీ మెనూయే."

"అది లోపం కాదండీ. అది అలాగే పనిచేయాలి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, ఏ మాటా నొక్కకుండానే పెన్‌డ్రైవ్ ఊడబీకి, జేబులో వేసుకుని వెళ్లిపోయింది. నా తెర మీద ఎర్రటి హెచ్చరిక ఒకటి మిగిలింది.

అంతా వింటున్న మా యజమాని మర్డీనా గిలిస్ టీ కప్పుతో నా వెనక వచ్చి నిలబడింది. కేప్ బ్రెటన్ అనే దీవి నుంచి వచ్చిన మనిషి. ఆరుగురం పనిచేసే ఆ కంపెనీకి ఆమే తల్లి, ఆమే పోలీసు.

"లాకీ, నాయనా, ఆ అమ్మాయి ఎవరో తెలుసా?"

"తెలుసుకోవాలని లేదు."

"లైబ్రరీలన్నిటిలో మన కంప్యూటర్లు ఎలా ఉన్నాయో రిపోర్టు రాసేది ఆవిడే. ఈ వేసవిలో మన ఒప్పందం ఉంటుందో ఊడుతుందో ఆ రిపోర్టు మీదుంది. రేపట్నుంచి మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు పడవెక్కి అవతలికి వెళ్లు. కూర్చో. చూడు. నోరు తెరవకు."

"నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి మర్డీనా, కాపలావాణ్ణి కాదు."

"ఇప్పుడయ్యావు," అని టీ తాగుతూ వెళ్లిపోయింది.

*

రేవు దాటడానికి పడవలో పన్నెండు నిమిషాలు. లైబ్రరీ చిన్నది. కిటికీ పక్కన ఆరు కంప్యూటర్లు, వాటి వెనక నాకొక కుర్చీ. కుర్చీ మీద ఒడెట్ చేతిరాతతో ఒక చీటీ: "చూడటానికి మాత్రమే."

"మీరు ఎవరికీ సాయం చేయకూడదు," అంది. "దగ్గకూడదు. నిట్టూర్చకూడదు. మాట్లాడితే బయటికి పంపిస్తాను."

"వాన పడుతోంది."

"అందుకే ముందే చెప్తున్నాను."

మొదట వచ్చినవాడు ఎవరెట్ కోర్కమ్. డెబ్బై ఎనిమిదేళ్లు. యాభై ఏళ్లు చెక్క పడవలు కట్టినవాడు. కట్టిన ప్రతి పడవ ఫొటోనూ ఎక్కించుకుని పెన్‌డ్రైవ్‌ను మెడలో తాడుకు వేసుకుని తిరుగుతాడు. ఫొటోలు చూసుకోవడం అయ్యాక మెనూ తెరిచాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మూడు మాటలూ పైకే చదివాడు.

"అన్‌మౌంట్. గుర్రం దిగేటప్పుడు కదా ఈ మాట?" అని ఒడెట్‌ను అడిగాడు.

"మీకేమనిపిస్తోంది?" అంది ఆమె.

"ఇక్కడ సేఫ్‌లీ అని ఉంది. అంటే మిగతా రెండూ ప్రమాదమా? ప్రమాదమైతే ఎందుకు పెట్టాడమ్మా ఆ మహానుభావుడు?"

నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. ఎవరెట్ అన్‌మౌంట్ నొక్కాడు. తెర మీది డ్రైవ్ బొమ్మ మాయమైంది. పెన్‌డ్రైవ్ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దీపం వెలుగుతోంది కాబట్టి ఇంకా అవ్వలేదనుకుని, మిగతా రెండు మాటల కోసం మాయమైన బొమ్మను తెరంతా వెతకడం మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలు వెతికాడు.

"అయిపోయిందండీ, తీసేయండి," అన్నాను ఆగలేక.

ఒడెట్ చూపుడువేలు తలుపు వైపు తిరిగింది.

అరగంట చూరు కింద నిలబడ్డాను. ఆ పొట్టి చూరు నా తలనీ భుజాల్నీ మాత్రమే వాన నుంచి కాచింది. అద్దంలోంచి చూస్తే ఆమె నవ్వు ఆపుకోవడానికి పెన్సిల్ కొరుకుతోంది. నాకు చిరాకు పుట్టింది. ఆ పెన్సిల్ మీద కూడా పుట్టింది.

ఆ వారంలో మూడుసార్లు బయటికి పంపింది. ఒక నర్సు మెనూ జోలికే పోకుండా డ్రైవ్ లాగేసుకుని వెళ్తుంటే, ఎందుకలా చేశారని ఒడెట్ అడిగింది. "అది నన్ను ప్రశ్న అడుగుతోంది, నాకు జవాబు తెలీదు. డ్యూటీకి టైమవుతోంది," అందామె. నేను "అయ్యో" అన్నాను. అదీ మాటేనట. మళ్లీ చూరు కిందికి.

సాయంత్రం ఐదున్నర పడవలో ఇద్దరం ఒకే ఒడ్డుకు వెళ్లాలి. తప్పించుకోవడానికి అదేమంత పెద్ద పడవ కాదు.

"మూడూ ఉండాల్సిందే," అన్నాను ఒక రోజు.

"ఎవరికి?"

"తెలిసినవాళ్లకి."

"వాళ్ల పేర్లు చెప్పండి." నోటుపుస్తకం తెరిచింది.

"నేను."

"ఒకటి."

"మా ఆఫీసులో ఫెర్గస్."

"ఫెర్గస్ గారు రోజూ వాడతారా?"

"పోయిన ఏడాది ఒకసారి వాడాడు."

"ఒకటింపావు," అని రాసుకుంది. "మీ ఒకటింపావు మందికోసం మా ఎవరెట్ గారు గుర్రం దిగాలి."

"మీకు తేలిగ్గానే ఉంటుంది. మాట తీసేస్తే పని పోదు. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. లోపల ఎన్ని గదులున్నాయో, ఏ గదిలో రాత నడుస్తోందో, అది సీడీనో కార్డో డిస్కో ఎవరు కనుక్కుంటారు?"

"మీ కంప్యూటర్‌కి తెలీదా అది సీడీనో డిస్కో?"

తెలుసు. కంప్యూటర్‌కి అన్నీ తెలుసు. తెలిసి కూడా మనిషినే అడిగేలా రాసింది నేను.

"తెలిసినదాన్ని వదిలేసి, తెలీనివాళ్లని అడుగుతున్నారు," అంది ఆమె మెల్లిగా. ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పడవ ఒడ్డుకు చేరింది. దిగేటప్పుడు ఆమె తన సంచిలోంచి ఒక ఓట్ బిస్కెట్ తీసి ఇచ్చింది. "తినండి. ఓడిపోయినవాళ్లు ఖాళీ కడుపుతో ఇంటికెళ్లకూడదు."

"నేను ఓడిపోలేదు."

"అయితే సగం ఇచ్చేయండి."

ఇవ్వలేదు.

నెల తిరిగేసరికి ఒక సంగతి గమనించాను. గమనించింది నేను కాదు, మర్డీనా. "లాకీ, ఇప్పుడు నాకు క్యాలెండర్ అక్కర్లేదు. నీ గడ్డం నున్నగా ఉంటే ఆ రోజు మంగళవారమో గురువారమో అయ్యుంటుంది," అంది అందరి ముందూ. ఫెర్గస్ టీ పొలమారేలా నవ్వాడు. వాళ్ల మీద కోపం వచ్చింది. నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

*

ఒడెట్ సొంతూరు పబ్నికో. మూడు గంటల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఫ్రెంచివాళ్ల పల్లె. తన అమ్మమ్మ చెల్లెలు జెలీ మామ్మకు ఎనభై తొమ్మిదేళ్లు. ఆ ఊరి పాటలూ పాత కబుర్లూ ఇంకా గుర్తున్నది ఆమెకొక్కదానికే. మూడు వారాలు శనాదివారాలు వెళ్లి, మామ్మను బతిమాలి, పదకొండు రికార్డింగులు చేసింది. ఊరి మ్యూజియంలో భద్రపరచాలని.

ఒక మంగళవారం ఆమె చేతినిండా పనితో ఉంది. తన రికార్డర్ కార్డూ, డిస్కూ నా చేతిలో పెట్టింది.

"ఇందులోవన్నీ డిస్కులోకి మార్చి, కార్డు ఖాళీ చేసి ఇవ్వగలరా? నాలుగింటికి పిల్లల కథల గంట రికార్డు చేయాలి. మీరైతే నాకు భయం లేదు."

ఆ చివరి మాట నాకు ఎంత బాగుందంటే, మిగతావి సరిగా వినలేదు.

ఆమె డిస్కులో రెండు గదులు. ఒకటి ఫొటోలకు, ఒకటి గొంతులకు. తెర మీద రెండు బొమ్మలు కనిపించాయి. రికార్డింగులన్నీ గొంతుల గదిలోకి పంపాను. పచ్చగీత చివరిదాకా వెళ్లి మాయమైంది. కార్డు ఖాళీ చేసి ఆమెకిచ్చాను. డిస్కు తీయడానికి ముందున్న బొమ్మ మీద కుడి బటన్ నొక్కి, మెనూలో మొదటి మాట నొక్కాను. బొమ్మ పోయింది. వైరు లాగేశాను.

పోయింది ఫొటోల గది బొమ్మ. పచ్చగీత పోయినా, గొంతుల గదిలో లోలోపల రాత ఇంకా నడుస్తోంది.

అది నాకు ఆఫీసుకు వెళ్లాక తెలిసింది. సరిచూసి ఇద్దామని వెంట తెచ్చిన డిస్కును తెరిస్తే ఫైళ్ల పేర్లు కనిపించాయి, లోపల ఏమీ లేదు. ఆ పాటికి కార్డు మీద పిల్లల కథల గంట ఎక్కేసింది.

రెండు రోజులు తల ఎత్తలేదు. దొరికిన ప్రతి ఉపాయంతోనూ ఆ డిస్కును తవ్వాను. ఒకటి దొరికింది, రెండు దొరికాయి, ఏడు దొరికాయి. నాలుగు దొరకలేదు. అవన్నీ దొరికాకే చెబుదామనుకున్నాను. గురువారం లైబ్రరీకి వెళ్లలేదు. ఎందుకు రాలేదో కబురు కూడా పెట్టలేదు.

నాకు తెలియనిదేమిటంటే, ఆ బుధవారమే మెనూ ఎలా ఉండాలో తనే ఒక బొమ్మ గీసి ఒడెట్ నాకు పంపింది. ఒకే ఒక్క వరస. కింద చేతిరాతతో, "మీకేమనిపిస్తుందో నిజం చెప్పండి. మీ మాట నాకు ముఖ్యం." ఆ ఉత్తరం నేను తెరవనే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మర్డీనా నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టింది. ఒడెట్ ఆమెకు రాసినది. "మీ ఇంజనీరుకు ఇష్టం లేని పని చేయించడం నాకిష్టం లేదు. ఆయన జవాబివ్వకపోవడమే జవాబని అర్థమైంది. ఇక ఆయన్ను పంపకండి. నా రిపోర్టు సోమవారం పంపుతాను."

"ఏం చేశావురా?" అంది మర్డీనా.

చెప్పాను. అంతా విని, ఆమె నా కోటు తీసి నా ఒళ్లో పడేసింది.

"నాలుగింటికి పడవుంది."

*

లైబ్రరీలో ఒడెట్ పుస్తకాల బండి తోస్తోంది. నన్ను చూసి బండి ఆపలేదు.

"మీరు రానక్కర్లేదని రాశాను."

"మామ్మ రికార్డింగులు పోయాయి," అన్నాను. మెల్లిగా చెప్పే తెలివి నాకు ఎప్పుడూ లేదు. "పదకొండులో ఏడు తిరిగి తెచ్చాను. నాలుగు రాలేదు. ఇక రావు. రెండు రోజులు చూశాను. ముందే చెప్పాల్సింది."

బండి ఆగింది. ఆమె ముఖం పాలిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కాసేపు పుస్తకాల వెన్నుల్ని సరిచేస్తూ నిలబడింది.

"ఏది నొక్కావు?"

"ఏంటి?"

"మెనూలో. ఏది నొక్కావు?"

"అన్‌మౌంట్."

"ఎందుకు?"

అబద్ధం చెప్పడానికి చాలా మంచి మాటలు నాకు తెలుసు. ఏడు నిమిషాలపాటు చెప్పగలను.

"అది మొదట ఉంది కాబట్టి," అన్నాను.

ఆమె నోటుపుస్తకం తీసింది. మెనూ దగ్గర తడబడినవాళ్లను రాసుకునే పేజీ తీసి, "ముప్ఫై రెండో మనిషి," అని పైకే అంటూ రాసింది. "మెనూ రాసింది తనే. మొదట ఉన్నది నొక్కాడు." రాసి, పుస్తకం మూసి, కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు వెళ్లు లాకీ. నీ మీద అరవాలని ఉంది. ఇది లైబ్రరీ."

"బయట అరవచ్చు. చూరుంది."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించాలని ఆ మాట అనలేదు. నిజంగానే ఆమె అరిస్తే నిలబడి వినాలనుంది.

*

ఒడెట్ బుధవారం పంపిన ఉత్తరం ఆ సాయంత్రమే తెరిచాను. చదివి, జవాబు రాయలేదు. మాటలతో ఇక లాభం లేదనిపించింది. సోమవారం పొద్దున మర్డీనా ఒడెట్‌కు ఫోన్ చేసి, రిపోర్టుకు మూడు వారాలు గడువు అడిగింది. ఒడెట్ రెండిచ్చింది.

ఆ మూడు మాటల్ని నేనే పీకాను. నాలుగేళ్లు కాపలా కాసినవాటిని ఒక్కొక్కటే తీస్తుంటే పళ్లు నూరుకున్నాను. పెట్టింది సీడీ అయితే ఒక్క ఎజెక్ట్ కనిపిస్తుంది. కెమెరా కార్డయినా అదే, రీడర్‌కి కరెంటు పోదు. పెన్‌డ్రైవో డిస్కో అయితే "డ్రైవ్ తీసేయి" అని ఒకే వరస. ఏ గది బొమ్మ మీద నొక్కినా అన్ని గదులూ మూసుకుంటాయి. రాత ఇంకా నడుస్తుంటే, "ఆగండి, ఇంకా రాస్తోంది" అని చెబుతుంది. అయ్యాక, "ఇక తీయవచ్చు." ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్ అయితే తీయడానికి చేతిలో ఏమీ ఉండదు కాబట్టి డిస్కనెక్ట్. ఫెర్గస్‌కు అన్‌మౌంట్ కావాలంటే వేరే విండో తెరుచుకుని వెతుక్కోవాలి. ఏడాదికి ఒకసారే కదా.

రెండో మంగళవారం దాన్ని లైబ్రరీకి తీసుకెళ్లాను. ఒడెట్ నాకు కుర్చీ చూపించింది.

ఎవరెట్ వచ్చాడు. ఫొటోలు చూసుకున్నాడు. ఒకటి కొత్తది ఎక్కించుకున్నాడు. మెనూ తెరిచాడు. కళ్లద్దాలు తీయలేదు. ఉన్న ఒక్కటీ నొక్కాడు. తెర మీద ఆగమని వచ్చింది. ఆగాడు. తీయవచ్చని వచ్చింది. తీసి మెడలో వేసుకుని, "వస్తానమ్మా ఒడెట్, గాలి ఎక్కువగా ఉంది ఇవాళ," అని వెళ్లిపోయాడు.

అంతే. ఒక్క మాట అనలేదు. పది రోజులు నిద్రాహారాలు లేకుండా చేసిన పని. బాగుందనీ అనలేదు, మారిందనీ అనలేదు. మారినట్టే అతనికి తెలియలేదు.

"ఏమీ అనలేదు," అన్నాను, నోరు తెరవకూడదన్నది మరిచిపోయి.

ఒడెట్ తలుపు వైపు చూపించలేదు. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అదే," అంది. "ఏమీ అనలేదు."

ఆమె కళ్లలో నీళ్లు చూసి, అవి ఏ నీళ్లో అర్థంకాక భయపడ్డాను.

"ఒడెట్, మామ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్తావా? నేనే క్షమాపణ అడుగుతాను."

"జెలీ మామ్మకి ఇంగ్లీషు వచ్చు గానీ మాట్లాడదు. క్షమాపణలూ అంతే, తెలుసు గానీ ఒప్పుకోదు."

"అయినా సరే."

ఆమె లేచి కుర్చీ వెనక్కి నెట్టింది. "శనివారం ఏడింటికి. ఆలస్యమైతే వదిలేస్తాను."

ఆరున్నరకే ఆమె వాకిట్లో ఉన్నాను.

*

పబ్నికోలో పొగమంచు ఎంతుందంటే రేవు ఎక్కడో పడవల చప్పుడును బట్టి తెలిసింది. జెలీ మామ్మ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఉంది. పిడికెడు మనిషి. నేను నేర్చుకున్న నాలుగు ఫ్రెంచి మాటల్లో క్షమాపణ చెప్పాను. మామ్మ ఒడెట్ వైపు తిరిగి ఏదో అంది.

"ఏమంటోంది?"

"పోగొట్టింది ఇతనేనా అంటోంది. అవునన్నాను. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పనంటోంది."

మామ్మ లేచి, ఒక గోనెసంచీ, ఒక తురుము రేకూ తెచ్చి నా ముందు పెట్టింది. సంచీలో బంగాళాదుంపలు. రాపీ పై అనే ఆ ఊరి వంటకం కోసమట. తురిమి, పిండి, కోడి పులుసు పోసి పొయ్యిలో పెడతారు. అసలు చిక్కంతా తురమడంలోనే ఉంది.

నేను తురమడం మొదలుపెట్టాక మామ్మ గొంతు సవరించుకుంది. ఒడెట్ గబగబా రికార్డర్ పెట్టింది. రెండు నిమిషాలకే తల పట్టుకుంది.

"లాకీ, ఆ గీకుడు ఆపు. కథలోకి ఎక్కేస్తోంది."

ఆపాను. మామ్మ కూడా ఆపేసింది. మళ్లీ ఏదో అంది.

"అతను ఆపితే నేనూ ఆపుతానంటోంది," అంది ఒడెట్ విసుగ్గా.

అలా రెండు రోజులు తురిమాను. వేళ్లు రెండుచోట్ల చెక్కుకుపోయాయి. మామ్మ పోయిన నాలుగూ చెప్పింది, వాటి మీద ఇంకో ఐదు చెప్పింది. రేవు గడ్డకట్టిన ఏడాది వాళ్ల నాన్న మంచు మీదుగా అవతలి ఒడ్డుకెళ్లి మంత్రసానిని తీసుకొచ్చిన కథ దగ్గర ఒడెట్ అడ్డుపడింది.

"మామ్మా, పోయినసారి నడిచి వెళ్లాడన్నావు. ఇప్పుడు నిచ్చెన పట్టుకుని పాకాడంటున్నావేంటి?"

"అప్పుడు విన్నది నువ్వొక్కదానివే. ఇప్పుడు చుట్టం కూడా ఉన్నాడు," అందట మామ్మ. అది నాకు ఒడెట్ వెంటనే చెప్పింది.

ఆదివారం సాయంత్రం మామ్మ అడిగిన ఒక మాట మాత్రం చెప్పలేదు. మామ్మ నన్ను తురుము రేకుతో చూపిస్తూ ఏదో అడిగింది. ఒడెట్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో జవాబిచ్చింది. మామ్మ మళ్లీ అడిగింది. ఒడెట్ మళ్లీ ఏదో చెప్పింది. మామ్మ పొయ్యి వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఏమంది?"

"ఉప్పు చాలదంది."

"అంతసేపా?"

"మామ్మకి ఉప్పంటే పట్టింపు."

*

రిపోర్టు వెళ్లింది. మా ఒప్పందం నిలిచింది. మర్డీనా కేకు తెప్పించి, మొదటి ముక్క నాకిచ్చి, "ఇది నీకు కాదు, ఆ అమ్మాయికి. పట్టుకెళ్లు," అంది.

మంగళ, గురువారాలు వెళ్లడానికి ఇక కారణం లేదు. అయినా వెళ్తూనే ఉన్నాను. ఆమె ఎందుకొచ్చావని అడగలేదు, నేను చెప్పలేదు. పడవలో కూర్చుని ఓట్ బిస్కెట్లు తిన్నాం. చెప్పాలనుకున్న మాట ప్రతిసారీ గొంతుదాకా వచ్చి, పడవ ఒడ్డుకు తగలగానే వెనక్కి పోయేది. నా మీద నాకే విసుగు పుట్టింది. డిస్కు తీయడానికి ఒక్క మాట చాలని ఊరంతటికీ చెప్పినవాణ్ణి, నాకు కావలసిన ఒక్క మాట పలకలేకపోతున్నాను.

పబ్నికో నుంచి వచ్చిన పదకొండు రోజుల తర్వాత, గురువారం ఐదింటికి లైబ్రరీ ఖాళీ అయింది. ఒడెట్ ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టింది. మామ్మ చెప్పినదంతా ఫ్రెంచిలో, పక్కనే ఇంగ్లీషులో.

"రేపు మ్యూజియానికి పంపాలి. తప్పులుంటే చూడు."

"నాకు ఫ్రెంచి రాదు కదా."

"ఇంగ్లీషు వైపు చూడు," అని కోటు వేసుకోవడానికి వెళ్లింది. వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

మ్యూజియంవాళ్ల పద్ధతి ప్రకారం విన్నది విన్నట్టు రాయాలి. దగ్గు కూడా వదలకూడదు. ప్రతి పేజీలోనూ "తురిమే చప్పుడు" అని ఉంది. నాకు నవ్వొచ్చింది. చివరి పేజీకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

మామ్మ: ఈ అబ్బాయి నీకేమవుతాడు?

ఒడెట్: ఇంకా ఏమీ కాడు. నాకిష్టం. అతనికి చెప్పలేదు.

మామ్మ: ఎప్పుడు చెప్తావు?

ఒడెట్: బంగాళాదుంపలు అయ్యాక.

(మామ్మ నవ్వు. తురిమే చప్పుడు.)

రెండుసార్లు చదివాను. తలెత్తేసరికి ఆమె తలుపు దగ్గర నిలబడి కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంటోంది.

"ఒడెట్, బంగాళాదుంపలు అయి పదకొండు రోజులైంది."

"తెలుసు."

"పదకొండు రోజులుగా నేను పడవలో చస్తున్నాను."

"చూస్తూనే ఉన్నాను. నువ్వే చెప్తావేమోనని ఆగాను. ఎంతకీ చెప్పవేం?" ఆమె గొంతులో నిజమైన విసుగు ఉంది. "రేపు ఈ కాగితాలు మ్యూజియానికి వెళ్తే ఊరంతా చదువుతుంది. ఊరికంటే ముందు నీకు తెలిస్తే బాగుంటుందనిపించింది."

"నాకూ నువ్వంటే ఇష్టం," అన్నాను. ఎట్టకేలకు పలికితే చాలా చిన్న మాట. "ఆ మొదటి రోజు నువ్వు నా కార్పెట్ తడిపినప్పటి నుంచీ అని చెప్పాలనుంది గానీ, అప్పుడు నిజంగా ఒళ్లు మండింది. ఎప్పటి నుంచో సరిగ్గా తెలీదు."

"బిస్కెట్ సగం ఇవ్వనప్పుడు నాకు తెలిసింది," అంది ఆమె.

దగ్గరికి వెళ్లి గుండీలు సరిగా పెట్టాను. పెట్టడానికి నాకు కూడా చాలాసేపు పట్టింది. బయట ఐదున్నర పడవ కూత వేసి వెళ్లిపోయింది.

"మామ్మకి ఫోన్ చేయాలి," అంది ఒడెట్ నా భుజం మీద తల ఆనించి.

చేసింది. నన్నూ వినమని ఫోన్ మా ఇద్దరి మధ్యా పెట్టింది. సంగతి విన్న మామ్మ గొంతు సవరించుకుంది. తర్వాత, ఇంగ్లీషు మాట్లాడదన్న ఆ మనిషి, నాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే అంది.

"లాక్లిన్, క్రిస్మస్‌కి రా. ఈసారి ఉల్లిపాయలు."